ఉగాది మర్నాటి చికెన్

ఫిబ్రవరి 23, సోమవారం

కోపం వచ్చినప్పుడు అరవకుండా రాసుకోమని శ్రుతి ఈ డైరీ ఇచ్చింది. అట్ట మీద ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ బొమ్మ ఉంది. లోపల జనవరి అంతా ఖాళీ, ఫిబ్రవరి కూడా దాదాపు ఖాళీ. హైదరాబాద్ నుంచి వచ్చి రెండు నెలలుగా నేనుంటున్న ఇంటివాళ్ల అమ్మాయి శ్రుతి. ఇక్కడే మయూర్ విహార్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వాళ్లమ్మ రాజేశ్వరమ్మ ఆంటీది కాకినాడ. ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా ఆవిడ "ఆయ్" పోలేదు.

సరే, రాసుకుంటున్నాను. ఈరోజు మీటింగులో అరిచాను. మొదట ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, చివరికి తెలుగులో. తెలుగులో అన్నది ఎవరికీ అర్థం కాలేదు, నా అదృష్టం. బల్ల మీద చెయ్యి పడటం మాత్రం అందరికీ అర్థమైంది.

అరవక ఏం చేయాలి? సింగపూర్ నుంచి కొత్తగా వచ్చిన మెహ్రా, మా అందరికీ పైవాడు, ఏమన్నాడంటే దేశం మొత్తంలో మా షాపులన్నిటికీ ఒకటే ఫ్రైడ్ చికెన్ అట. ఏ ఊళ్లో కొన్నా అదే ముక్క, అదే రుచి. ఆ ఒకటీ ఏది? ఢిల్లీది! ఎముక ఉండదు, పైన చాట్ మసాలా, పక్కన పుదీనా మయొనీస్. జూలై నుంచి హైదరాబాద్‌లో, విజయవాడలో, అనంతపురంలో కూడా అదేనట. నాలుగేళ్లు హైదరాబాద్‌లో కూర్చుని, వేయించిన ధనియాలు, వెల్లుల్లి, రెండు రకాల మిరప కలిపి దక్షిణాది షాపులకు నేను తయారు చేసిన మసాలా ఏమవుతుంది? "ఆర్కైవ్‌లో ఉంటుంది" అన్నాడు మెహ్రా.

ఆర్కైవ్‌లో ఉంటుందట!

మా నాన్న నెలకోసారి హిందూపురం నుంచి అనంతపురం వెళ్లినప్పుడల్లా మా షాపులో తిని, పక్క బల్ల వాళ్లకు "మా పాప చేసిందిది" అని చెప్పుకుంటాడు. ఇక మీదట పుదీనా మయొనీస్ చూపించి చెప్పుకోవాలి.

కోపం తగ్గలేదు. శ్రుతి వైద్యం పనిచేయడం లేదు.

ఫిబ్రవరి 26, గురువారం

ఈసారి మాటలతో కాకుండా ముక్కలతో చెబుదామని గురుగ్రామ్ ఆఫీసు కిచెన్‌లో ఐదు ఊళ్ల చికెన్ వేయించి, మెహ్రా ముందు పెట్టాను. కోల్‌కతాది ఆవ ఘాటుతో ముక్కు పట్టుకుంటుంది. కొచ్చిది కొబ్బరినూనె వాసన, మిరియాలు. లూధియానాది వెన్న కారుతూ నేరుగా గుండెకు పోతుంది. మా విజయవాడ షాపులో ఇచ్చే కారప్పొడి పొట్లం చాలక జనం ఇంకోటి అడిగి జేబులో వేసుకుపోతారు. అదే పొట్లం లక్నోలో ఇస్తే వెనక్కి ఇచ్చేశారు. చిత్రమేమిటంటే కోడి అన్నిచోట్లా ఒకటే.

ఢిల్లీ రెసిపీ హర్మీత్‌ది. నాలాగే మసాలాల మనిషి, తిలక్ నగర్ సర్దార్జీ. నెమ్మదిగా మాట్లాడతాడు, అందుకే నాకు చిరాకు. అతని ముక్క తిన్నాను. చాట్ మసాలా చల్లిన దూది. నా ముక్క అతను తిన్నాడు. నీళ్లు తాగాడు. మళ్లీ నీళ్లు తాగాడు. "స్నిగ్ధా జీ, స్వాద్ అచ్ఛా హై. బస్ ఇస్ మే గుస్సా బహుత్ హై" అన్నాడు. రుచి బాగుందట, కోపమే ఎక్కువట!

మెహ్రా చేతులు తుడుచుకుని పందెం పెట్టాడు. ఢిల్లీలో ఒక షాపులో ఒక వారం హర్మీత్ చికెన్, నా చికెన్ పక్కపక్కన అమ్మాలి. ఇక్కడ కూడా నాది అతనిదానితో సమానంగా పోతే దాంట్లో సత్తా ఉన్నట్టు. అప్పుడు ఎక్కడి రెసిపీ అక్కడే. లేకపోతే జూలై నుంచి అంతటా ఢిల్లీదే. ఏ షాపు, ఏ వారం అన్నది నా ఇష్టం.

వెంటనే ఒప్పేసుకున్నాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది.

మార్చి 2, సోమవారం

తేదీ దొరికింది! ఇంతకంటే మంచి ముహూర్తం లేదు.

ఈసారి ఉగాది 19న. మా హిందూపురంలో ఉగాది రోజు ఓళిగలు (ఆంటీ వాళ్ల బొబ్బట్లు), మర్నాడు మాంసం. ఆ రోజు కూర ఉడకని ఇల్లుండదు. తెల్లారేసరికి మటన్ కొట్ల ముందు లైన్లుంటాయి. ఏడాదికి మొదటి ముక్క ఆ రోజు పడితే ఏడాదంతా పడుతుందని మా అవ్వ అనేది. కాబట్టి మార్చి 20 నుంచి 26 దాకా, మయూర్ విహార్ మెట్రో పక్కనున్న షాపులో. మెయిల్ పంపేశాను.

సాయంత్రం హర్మీత్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "బీస్ తారీఖ్ సే? పక్కా?" అన్నాడు. ఇరవై నుంచే, పక్కా అన్నాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి మళ్లీ "పక్కా?" అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా చెప్పాను. నన్ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

భయపడ్డాడు.

మార్చి 5, గురువారం

నిన్న హోలీ. శ్రుతి స్నేహితులు ఏం పూశారో గానీ నా జుట్టు, చెవులు, మెడ ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. మీటింగులో మెహ్రా నా చెవులతోనే మాట్లాడాడు.

మార్చి 8, ఆదివారం

ఆంటీ వంటింట్లో రుచి పరీక్ష. నేను వేయించాను, ఆంటీ, శ్రుతి తిన్నారు.

"ఏవిటే అమ్మాయ్, ఇది చికెనా, చిచ్చుబుడ్డా?" అంది ఆంటీ. "మేమూ కారం తింటామనుకో. కానీ కాస్త పులుపు కూడా తగలాలి కదా. ఒట్టి కారం కొట్టేస్తే ఎలాగమ్మా?"

"మా తట్టు ఇట్లే తింటాం ఆంటీ."

"మీ తట్టు మీ తట్టే, మా వైపు మా వైపేను."

శ్రుతి కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. అయినా ముక్క వదల్లేదు, అది బాగుంది. సగంలో ఆగి, "దీదీ, పుదీనే వాలీ మేయో హై క్యా?" అని అడిగింది. నా ముందే, నా ముక్క పక్కన! లేదన్నాను. డైరీ ఇచ్చిన పిల్ల కాబట్టి అరవలేదు.

ఎప్పుడు మొదలుపెడతారని ఆంటీ అడిగింది. ఉగాది మర్నాడు అన్నాను.

"అలాగా? మాకు అలాంటిది కనుమ. ఉగాదికి మాకు ముక్క ఉండదు. అయినా ఆ రోజుల్లో ఇక్కడ మరి..." అని ఆంటీ ఏదో అనబోయింది. నేను అప్పటికే బ్యాడిగి మిరప గురించి చెబుతూ ఉన్నాను. బ్యాడిగి రంగుకు, గుంటూరు మంటకు. రెండూ కలిపే పాళ్లలోనే ఉంది కిటుకంతా. ఆంటీ చాలా శ్రద్ధగా విన్నది.

మార్చి 14, శనివారం

అన్నీ కలిసొస్తున్నాయి.

కిరాణా షాపులో ముందు వరసంతా కుట్టు అని ఏదో పిండి, సగ్గుబియ్యం, సైంధవ లవణం పొట్లాలు పేర్చారు. ఎండలు మొదలవుతున్నాయి కదా, ఇక్కడివాళ్లు తేలిక తిండికి మారతారేమో. మా వీధి చివర చికెన్ కొట్టు భయ్యా వచ్చే గురువారం నుంచి కొట్టు మూసి ఊరికి వెళ్తున్నాడట. పోటీ తగ్గింది. పరీక్ష వారానికి హర్మీత్ తన చికెన్ ఆర్డరు సగానికి తగ్గించాడని స్టోర్స్ వాళ్లు చెప్పారు. పాపం, ముందే చేతులెత్తేశాడు.

నేను నా ఆర్డరు పెంచాను.

మార్చి 19, గురువారం, ఉగాది

ఆంటీ ఆరు రుచులతో పచ్చడి చేసింది. సొసైటీ పార్కులో వేప చెట్టు ఉంది గానీ పూత ఇంకా రాలేదు. లేత చిగుళ్లతో సరిపెట్టింది. శ్రుతి వాళ్ల నాన్న పంచాంగం ఫోన్లో చదివారు. నా రాశికి రాజపూజ్యం కంటే అవమానం ఎక్కువుంది. శ్రుతి పడీపడీ నవ్వింది.

కింద ఫ్లాటు గుప్తా గారింట్లో పొద్దున్నుంచి గంట మోగుతోంది, హారతులు, పాటలు. ఉత్తరాది వాళ్లు కూడా ఉగాదిని ఇంత బాగా చేసుకుంటారని నాకు తెలియనే తెలియదు. మనసు నిండిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది. "రేపు మీ నాయన నాటుకోడి తెస్తాడంట. నీకు అక్కడ?"

"నాకు షాపే ఉంది కదమ్మా."

మార్చి 20, శుక్రవారం

ఎవరూ రాలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు రాయగలను.

పొద్దున పదకొండుకే ఫ్రైయర్లు వేడెక్కాయి. బల్లలు మెరుస్తున్నాయి. బయట "ఆంధ్రా మిర్చీ చికెన్" అని ఎర్రటి బ్యానర్. మెట్రోలోంచి జనం దిగుతున్నారు, బ్యానర్ చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఒకాయన చూడటమే పాపమన్నట్టు చెవులు పట్టుకుని మరీ వెళ్లాడు. ఒక పిల్లవాడు లోపలికి పరిగెత్తుకొస్తే వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగింది. "నవరాత్రే హైఁ, బేటా!"

నవరాత్రులా? నేను హర్మీత్ వైపు తిరిగి, "అవి దసరాకి కదా వచ్చేది?" అన్నాను.

అతను నన్ను చూశాడు. నేను ఎగతాళి చేయడం లేదని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కౌంటరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాడు. ఇంత నెమ్మదస్తుడు అంత గట్టిగా నవ్వగలడని నేను అనుకోలేదు.

ఏడాదికి రెండుసార్లట. దసరాకి ఒకసారి, మన ఉగాదితో మొదలై శ్రీరామనవమి దాకా ఇంకోసారి. ఈ తొమ్మిది రోజులూ ఇక్కడ చాలా ఇళ్లలో మాంసం కాదు కదా, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరట, ఆ కుట్టు పిండీ సగ్గుబియ్యమే తింటారట. మనకు ఇవే తినే రోజులు, అక్కడ మా నాన్న ఈపాటికి నాటుకోడి మూలుగ పీలుస్తూ ఉంటాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"దో బార్ పూఛా థా, పక్కా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. రెండుసార్లు అడిగిన మాట నిజమే. "నేనేమనుకున్నానంటే, మీరు మహా చాలాక్, జిత్తులమారి అని. నా కస్టమర్లంతా వ్రతంలో ఉండే వారం చూసి పెట్టారని!"

తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే ఆంటీ మీదికి వెళ్లాను. "ఒక్క మాట చెప్పింటే ఏమయ్యేది ఆంటీ?"

"చెప్దామనే నోరు తెరిచానమ్మా. నువ్వు మిరపకాయల దగ్గర్నుంచి కదిలితేగా?"

మసాలా పట్టించిన చికెన్ ఎంత మిగిలిందో రాయను.

మార్చి 21, శనివారం

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాను, సిగ్గు విడిచి.

మధ్యాహ్నానికి బేర్ సరాయ్ నుంచి సివిల్స్‌కు చదివే పిల్లలు గుంపుగా దిగారు. మెస్ తిండి తిని తిని కారానికి మొహం వాచి ఉన్నారు. సుహాస్ అనే నరసరావుపేట అబ్బాయి ముక్క కొరికి లేచి నిలబడ్డాడు. "అక్కా, ఎముకుంది! రేయ్, ఎముకుందిరా!" అని అరిచాడు. ఎముక దొరికితే మనిషికి ఇంత సంతోషమా అని సెక్యూరిటీ భయ్యా వింతగా చూశాడు. తర్వాత మలయాళీ నర్సులు. ఈరోజు ఈద్ కూడా, పక్క కాలనీ నుంచి కొత్త బట్టల్లో కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి.

ఎర్రది, ఎర్రది, ఎర్రది. హర్మీత్ ముక్కలు కౌంటరు వేడి లైటు కింద ఎండిపోయాయి.

మార్చి 24

నవరాత్రి, పైగా మంగళవారం. మామూలు మంగళవారాల్లోనే ఇక్కడ ముట్టనివాళ్లు బోలెడంత మందట. హర్మీత్ తన ఫ్రైయర్ ఆపేసి నా చికెన్ తిన్నాడు. నీళ్లు ఒక్కసారే తాగాడు.

మార్చి 26, గురువారం

గెలిచాను. సమానం కాదు, అతని దానికి ఎన్నో రెట్లు. గెలిచాను గెలిచాను గెలిచాను.

నవరాత్రుల సంగతి మెహ్రాకు తెలియదు. సింగపూర్‌లో పెరిగాడు. అడిగితే చెబుతాను. అడగకపోతే నేనెందుకు చెప్పాలి? తేదీ నా ఇష్టమన్నది ఆయనే.

మార్చి 27, శుక్రవారం

మెహ్రా అడగలేదు. అంతకంటే పెద్ద మాట అన్నాడు. "ఢిల్లీలోనే ఇలా అమ్ముడుపోయిందంటే ఇంక చర్చ ఎందుకు? దేశమంతా ఇదే. జూలై నుంచి అన్ని షాపుల్లో స్నిగ్ధ మసాలా. మయూర్ విహార్‌లో రేపటి నుంచే."

కాసేపు గాల్లో తేలాను. కొచ్చి నుంచి లూధియానా దాకా నా మసాలా! నాన్నకు ఫోన్ చేస్తే, ఆయన ఫోన్ పక్కన పెట్టి వీధిలో వాళ్లకు చెప్పడానికి వెళ్లాడు. నేను లైన్లోనే ఉండిపోయాను.

హర్మీత్ చెయ్యి కలిపి ముబారక్ చెప్పాడు. తర్వాత కిచెన్‌లోంచి తన స్టీలు మసాలా డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకోనీ. ఆర్కైవ్‌లో ఉంటుంది.

కోల్‌కతా ఆవ ముక్క గురించి ఆలోచించలేదు. ఒక్కసారి ఆలోచించాను, అంతే.

మార్చి 28, శనివారం

వ్రతాలు అయిపోయాయి. షాపు ముందు లైను మెట్రో మెట్ల దాకా ఉంది. ఇంత ఆకలి నేను ఎక్కడా చూడలేదు, ఉగాది మర్నాడు మా ఊళ్లో తప్ప.

లైన్లో మా కింద ఫ్లాటు గుప్తా అంకుల్, మనవరాలి చెయ్యి పట్టుకుని. తొమ్మిది రోజుల నుంచి ఆ పిల్ల ఈ రోజు కోసమే చూస్తోందట. "బేటా, వహీ పురానా వాలా దేనా, చట్నీ కే సాథ్" అన్నారు. ఆయనకు పుదీనా మయొనీసే చట్నీ. పాతది లేదు అంకుల్, ఈ రోజు నుంచి ఇదే అన్నాను. "అచ్ఛా, ఠీక్ హై" అని కూర్చున్నారు.

నేను చూడకుండా ఉండాల్సింది. ఆయన కొరికారు. ఎముక తగిలింది, పన్ను పట్టుకున్నారు. కారం తగిలింది. చుట్టూ చూశారు, ఎవరైనా గమనిస్తున్నారేమో అని. నేను కనబడగానే నవ్వి, "బఢియా హై, బేటా" అన్నారు. పిల్ల పై పొరంతా ఒలిచి పక్కన పెట్టి, లోపలి తెల్ల కండ మాత్రం నమిలింది. అదే ఆ పిల్ల తొమ్మిది రోజులు ఎదురుచూసిన చికెన్.

అనంతపురం షాపులో మా నాన్నకు జరుగుతుందని నేను బల్ల గుద్ది అరిచింది సరిగ్గా ఇదే. ఆయన కూడా ఇలాగే చుట్టూ చూసి, "బాగుంది పాపా" అని అబద్ధమాడతాడు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల గదిలోకి వెళ్లి ఏడ్చాను, ఎవరికీ అనుమానం రాలేదు.

మార్చి 30, సోమవారం

మెహ్రా గదిలోకి వెళ్లి చెప్పేశాను. "ఆ వారం ఢిల్లీ ఉపవాసంలో ఉంది సర్. నా చికెన్ తిన్నది తెలుగు పిల్లలు, మలయాళీలు, ఈద్ చేసుకున్నవాళ్లు. ఢిల్లీ తినలేదు. అసలు ఆ వారం నవరాత్రులని నాకే తెలియదు."

"తెలియదా?"

"మాకు అది మాంసం తినే రోజు సర్."

మెహ్రా ల్యాప్‌టాప్ మూశాడు. "గెలిచారు కదా. ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"నేను గెలిస్తే అందరి నోట్లో నా కారమే పడుతుంది. నేను అడిగింది అది కాదు. ఎవరిది వాళ్లకు ఉండాలన్నాను."

ఆయన క్యాలెండర్ తెరిచాడు. "ఈ వారం మళ్లీ రెండూ పెట్టండి. అప్పుడు చూద్దాం" అన్నాడు. ఓడిపోతే పందెం ప్రకారం జూలై నుంచి అంతటా పుదీనాయే అని కూడా గుర్తుచేశాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

హర్మీత్ బల్ల దగ్గరికి వెళ్లి, డబ్బా తిరిగి తీసుకురండి అన్నాను. నా వైపు చూసి, "పక్కా?" అన్నాడు.

ఈసారి అరవలేదు. "పక్కా" అన్నాను నెమ్మదిగా.

ఏప్రిల్ 2

ఓడిపోతున్నాను.

ఏప్రిల్ 6, సోమవారం

ఓడిపోయాను. నాది అతని దాంట్లో మూడో వంతు కూడా లేదు. గుప్తా అంకుల్ మనవరాలితో రెండుసార్లు వచ్చారట, రెండుసార్లూ చట్నీతోనే.

మెహ్రా రెండు వారాల అమ్మకాలూ గోడ మీద తెరపై పక్కపక్కన వేశాడు. "పందెం పోయింది, ఒప్పుకుంటారా?"

 ఆ రెండు బొమ్మలూ చూస్తుంటే నవ్వొచ్చింది. "ఒప్పుకుంటాను సర్. కానీ ఒక్కసారి చూడండి. అదే షాపు, అవే ఫ్రైయర్లు, అదే కోడి. మొదటి వారం ఎర్రది పోయింది, రెండో వారం పచ్చది పోయింది. మారింది తినేవాళ్లే. ఒకే షాపులో ఒకే రెసిపీతో రెండు వారాలు నడపలేకపోయాం, దేశమంతా ఎట్ల నడుపుతాం?"

 అప్పుడు హర్మీత్ లేచాడు. గెలిచినవాడు! "సర్, అనంతపురంలో నా చికెన్ పెట్టి ఎవరినీ ఉల్లిపాయల గదిలో ఏడిపించకండి" అన్నాడు. ఆ రోజు నన్ను చూశాడన్నమాట.

మెహ్రా తెర ఆపేశాడు. "ఠీక్ హై. ఎక్కడి రెసిపీ అక్కడే. మయూర్ విహార్‌లో రెండూ ఉండనివ్వండి." తలుపు దాకా వెళ్లి ఆగి, "ఇకమీదట తేదీలు మాత్రం హర్మీత్ చూస్తాడు" అన్నాడు.

నాన్నకు ఫోన్ చేసి దేశమంతా కాదు, మన తట్టుకే అని చెప్పాను. "మనకు చాలు లేమ్మా. వాళ్లు తట్టుకోలేరు" అన్నాడు. మళ్లీ వీధిలోకి వెళ్లాడు, మార్చి చెప్పడానికి.

ఇంటికి వస్తూ మెట్రో దిగి, మన షాపు లైన్లో మామూలు మనిషిలా నిలబడ్డాను. హర్మీత్ ముక్కలు ఒక ప్లేటు, ఆ పుదీనా చట్నీతో. టేస్టింగ్ గదిలో కాకుండా ఆకలితో తినడం ఇదే మొదటిసారి. పుల్లగా, చల్లగా, కరకరా. బాగుంది. చాలా బాగుంది. ఇంకో ప్లేటు తిన్నాను.

ఈ మాట ఎవ్వరికీ చెప్పను. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

తలుపు తీయగానే శ్రుతి నా మూతి వైపు వంగి చూసింది. "దీదీ, ముఁహ్ పే గ్రీన్ క్యా హై?"

హోలీ రంగు ఇంకా పోలేదని చెప్పాను.